కారు ఏసీకి ఏటేటా గ్యాసు దేనికి?

రెంటచింతల ఎండల గురించి పల్నాడు వాసులకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఉగాది వెళ్ళిన పదిహేను రోజులకే మిట్టమధ్యాహ్నం రోడ్డెక్కాలంటే జంకే ప్రాంతమిది. ఒకప్పుడు ఏసీ కారంటే నాయకులకు, సున్నపు బట్టీల యజమానులకు చెల్లిన సొమ్ము. ఆ రోజులు పోయాయి. మాచర్ల, గురజాల, పిడుగురాళ్ళ, వినుకొండ ప్రాంతాల పల్లెల్లో వాయిదాల మీద కొన్న అద్దె కార్లు తిరుగుతున్నాయి. పురిటి నొప్పులు వచ్చిన ఆడమనిషిని గుంటూరు చేర్చాలన్నా, పెళ్ళివారిని దించాలన్నా, ముసలివాళ్ళను కంటి ఆపరేషనుకు తీసుకెళ్ళాలన్నా “ఏసీ పని చేస్తుందా?” అని అడిగాకనే బేరం మొదలవుతున్నది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల కేబిన్లకు సైతం ఏసీ వుండి తీరాలని కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. అంటే ఏసీ ఇక షోకు కాదు, బతుకుతెరువులో భాగం.

అయితే ఏసీ చల్లబరచకపోతే ఏం చేయాలన్నది మాత్రం మనవాళ్ళకు ఒక్కటే తెలుసు. షెడ్డు దగ్గర బండి ఆపడం, గ్యాసు కొట్టించడం.

“అన్నా, చల్లదనం రావటం లేదే?”

“గ్యాసు అయిపోయింది తమ్ముడూ. కొట్టమంటావా?”

అంతే సంభాషణ. పావుగంటలో పని పూర్తవుతుంది. వెయ్యో రెండు వేలో చేతులు మారతాయి. బండి చల్లగా కదులుతుంది. మళ్ళీ వేసవికి, ఒక్కోసారి మళ్ళీ నెలకే, అదే షెడ్డు, అదే మాట.

ఈ మాటలో మోసం వుందని అనడం న్యాయం కాదు. చెప్పేవాడికీ తెలియదు, వినేవాడికీ తెలియదు. కాని పొరపాటు మాత్రం పెద్దదే. కారు ఏసీలో గ్యాసు అయిపోయేది కాదు. డీజిలు కాలిపోతుంది, అందుకే మళ్ళీ పోస్తాం. ఏసీ గ్యాసు కాలదు, అరగదు. పిండి మిల్లు బెల్టు తిరిగిన చోటనే తిరిగినట్టు, మూసివున్న గొట్టాలలో చుట్టూ తిరుగుతూ వుంటుంది. కంప్రెసర్ దాన్ని నొక్కి వేడి చేస్తుంది. బండి ముందు భాగంలోని కండెన్సర్‌లో ఆ వేడి బయటి గాలికి పోయి గ్యాసు ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం సన్నని రంధ్రం గుండా డాష్‌బోర్డు లోపలి కూలింగ్ కాయిల్‌లోకి దూకి ఒక్కసారిగా ఆవిరై, కారు లోపలి వేడిని లాక్కుంటుంది. తిరిగి కంప్రెసర్‌కు చేరుతుంది. స్పిరిటు చేతి మీద పోసుకుంటే చల్లగా తగలటం లేదా, అదే సూత్రం. రబ్బరు గొట్టాల నుంచి, సీళ్ళ నుంచి ఏడాదికి కొద్ది గ్రాములు పోవడం మామూలే. అందువల్ల కొన్నేళ్ళకు ఒకసారి కొంత తగ్గవచ్చు. ఏటా తగ్గుతున్నదంటే మాత్రం ఎక్కడో చిల్లి వుంది. చిల్లి కడవకు నీళ్ళు మోస్తున్నట్టు గ్యాసు పోయించుకుంటున్నారన్న మాట.

చిల్లి పడిన చోట పోయేది గ్యాసు ఒక్కటే కాదు. కంప్రెసర్ అరగకుండా కాపాడే నూనె ఈ గ్యాసుతో పాటే గొట్టాలలో తిరుగుతుంది. గ్యాసు తగ్గిన కొద్దీ నూనె సరిగా తిరిగి రాదు, లీకు దగ్గర కొంత బయటికి పోతుంది. అలా నాలుగు వేసవులు లాగిన కారు ఐదో వేసవిలో కంప్రెసర్ పట్టేసి నిలబడుతుంది. అప్పుడయ్యే ఖర్చు అద్దె కారు నడుపుకునేవాడి నెల వాయిదాను మింగేస్తుంది. పది రూపాయల రబ్బరు రింగు మార్చనందుకు అంత మూల్యం.

గ్యాసు తగ్గకపోయినా...

అసలు చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాసే తగ్గిందనుకోవడం మరో పొరపాటు. పిడుగురాళ్ళ సున్నపు బట్టీల మీదుగా, దాచేపల్లి రోడ్డున సిమెంటు లారీల వెనుక రోజూ తిరిగే బండి కండెన్సర్ చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. సన్న రేకుల మధ్య తెల్లటి దుమ్ము గడ్డకట్టి, దాని మీద పత్తి పింజలు, పురుగులు అంటుకుని వుంటాయి. గాలి దూరే సందు వుండదు. వేడి బయటికి పోకపోతే చల్లదనం ఎక్కడి నుంచి వస్తుంది? కండెన్సర్ ముందు తిరగవలసిన ఫ్యాను ఆగినా అంతే. బండి రోడ్డు మీద పోతున్నంతసేపు చల్లగా వుండి, రైలు గేటు దగ్గర ఆగగానే వేడి గాలి కొడుతున్నదంటే ముందు ఫ్యాను చూసుకోవాలి. డాష్‌బోర్డు వెనుక వుండే క్యాబిన్ ఫిల్టరు సంగతి చాలామందికి తెలియనే తెలియదు. కొన్ని బళ్ళలో కొన్ననాటి నుంచి దాన్ని తీసి దులిపిన పాపాన పోలేదు.

ఇవన్నీ ఖర్చు లేని పనులు. ఇంజను చల్లారాక కండెన్సర్‌ను మెల్లని నీటి ధారతో కడిగితే చాలు. సర్వీసు స్టేషను గన్నుతో దగ్గర నుంచి కొడితే రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. కడిగి, ఫిల్టరు దులిపి, ఫ్యాను తిరుగుతున్నదో లేదో చూశాక కూడా చల్లబడకపోతే అప్పుడు గ్యాసు మాట ఎత్తాలి. ఈ వరస తప్పి, నిండుగా వున్న వ్యవస్థలోకే మరి కాస్త గ్యాసు ఎక్కించడం తరచు జరుగుతున్న పని. గ్యాసు ఎక్కువైనా చల్లదనం తగ్గుతుందన్న సంగతి ఎంతమందికి తెలుసు? ఒత్తిడి పెరిగి కంప్రెసర్ మీద భారం పడుతుంది. ద్రవరూపంలో గ్యాసు కంప్రెసర్‌లోకి పోతే లోపలి భాగాలు విరుగుతాయి.

తూకం లేని వ్యాపారం

గుంటూరు మిర్చి యార్డులో బస్తాకు కిలో తరుగు తీస్తే రైతు కాటా దగ్గరే నిలదీస్తాడు. అదే రైతు కారుకు గ్యాసు పోసేటప్పుడు ఎన్ని గ్రాములు పోశావని అడగడు. పోసేవాడూ తూచడు. గేజి ముల్లు చూసి, పైపు చేత్తో తాకి “సరిపోయింది” అంటాడు.

గేజి ముల్లు ఒత్తిడి చెబుతుంది గాని పరిమాణం చెప్పదు. ఇది అర్థం కావాలంటే వంటింట్లోని సిలిండరును చూస్తే చాలు. 14.2 కిలోలు నిండుగా వున్నా, రెండు కిలోలే మిగిలినా లోపలి ఒత్తిడి దాదాపు ఒకటే. ద్రవం చివరి చుక్క వరకు అంతే వుంటుంది. అది ఆనాటి వేడిమిని బట్టి మారుతుందే తప్ప మిగిలిన గ్యాసును బట్టి కాదు. అందుకే సిలిండరును కాటా మీద పెట్టి తూస్తారు. ఇంజను ఆపివున్న కారు ఏసీ కూడా సరిగ్గా ఇదే. ఇంజను నడుస్తున్నప్పుడు చూసే గేజి లెక్క కొంత చెబుతుంది, కాని 44 డిగ్రీల ఎండలో అది చెప్పేది ఒకటి, సాయంత్రం చెప్పేది ఒకటి.

ఏ కారుకు ఏ గ్యాసు, ఎన్ని గ్రాములు పోయాలో బానెట్ కింద అంటించిన స్టిక్కరు మీద కంపెనీవాడే రాసి పెడతాడు. చిన్న కార్లలో చాలావాటికి అరకిలో లోపే. ఇంత చిన్న పరిమాణంలో వంద గ్రాములు అటూ ఇటూ అయితే తేడా చాలా పెద్దది. బంగారం తూచినట్టు కాకపోయినా, కనీసం కిరాణా కొట్టువాడు పంచదార తూచినంత శ్రద్ధ వుండాలి కదా.

పద్ధతిగా చేసే పని ఎలా వుంటుందో చెప్పుకోవాలి. లోపల మిగిలివున్న గ్యాసును గాలిలోకి వదలకుండా రికవరీ యంత్రంతో సిలిండరులోకి లాగాలి. తర్వాత లీకు పట్టాలి. జాయింట్ల దగ్గర నూనె మరక, దానిమీద దుమ్ము పేరుకున్న చోటు చాలాసార్లు లీకును పట్టిస్తుంది. పొడి నైట్రోజన్‌ను రెగ్యులేటరు ద్వారా ఎక్కించి సబ్బు నురగ పూస్తే బుడగ లేస్తుంది. లీకు సరిచేశాక వాక్యూం పంపుతో కనీసం అరగంట గాలి మొత్తం లాగి, పంపు ఆపి ముల్లు కదలకుండా నిలుస్తున్నదో లేదో చూడాలి. ఈ అరగంటే మన షెడ్లలో ఎగిరిపోతున్నది. గొట్టాలలో మిగిలిన తేమ సన్న రంధ్రం దగ్గర మంచుగా గడ్డకట్టి దారి మూస్తుంది. నూనెతో, గ్యాసుతో కలిసి ఆమ్లమై లోపల తినేస్తుంది. వాక్యూం అయ్యాక స్టిక్కరు మీద వున్నన్ని గ్రాములు తూచి ఎక్కించాలి. మొత్తం మీద గంటన్నర పని.

షెడ్లవాళ్ళ వైపు నుంచి కూడా ఒక మాట వుంది. గంటన్నర ఆగమంటే బేరం పక్క షెడ్డుకు పోతుంది. వాక్యూం పంపు, కాటా, రికవరీ యంత్రం అన్నీ కొనాలంటే చిన్న షెడ్డు ఏడాది సంపాదన చాలదు. తన గురువు చేసినట్టే తాను చేస్తున్నాడు. నేర్పినవాడెవడు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలసింది మెకానిక్కు కాదు.

చేతులు, కళ్ళు

ఇంతవరకు చెప్పుకున్నది డబ్బు సంగతి. షెడ్లలో పానాలు అందించే పదిహేడు, పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ సంగతి అంతకంటే ముఖ్యమైనది.

ఇప్పుడు ఎక్కువ కార్లలో వున్న ఆర్-134ఎ గ్యాసు సున్నాకు 26 డిగ్రీల దిగువనే మరుగుతుంది. ద్రవంగా చేతి మీద పడితే చర్మం అక్కడికక్కడ గడ్డకట్టి, కాలినట్టే బొబ్బలెక్కుతుంది. కంట్లో పడితే చూపు పోవచ్చు. కళ్ళద్దాలు, తోలు గ్లవుజులు లేకుండా గొట్టం విప్పరాదు. పొరపాటున పడితే రుద్దకూడదు, నిప్పు సెగ చూపకూడదు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. కంటికి మామూలు నీళ్ళే ధారగా పోస్తూ వుండాలి.

ఒత్తిడి విషయం మరీ ప్రమాదం. కారు టైరులో వుండే గాలి 30, 35 పౌండ్లు. ఏసీ నడుస్తున్నప్పుడు హై సైడులో ఒత్తిడి 200 పౌండ్లు దాటుతుంది, మన వేసవిలో 250 పైకి కూడా పోతుంది. గ్యాసు డబ్బాను పొరపాటున ఆ వైపు తగిలించి వాల్వు తిప్పితే, డబ్బాలోది కారులోకి పోవడం మాని కారులోని ఒత్తిడి డబ్బాలోకి వస్తుంది. డబ్బా చేతిలోనే పగులుతుంది. డబ్బా ఎప్పుడూ లో సైడుకే, అంటే కూలింగ్ కాయిల్ నుంచి కంప్రెసర్‌కు వచ్చే లావు గొట్టానికే తగిలించాలి. మూతల మీద ఎల్, హెచ్ అని అక్షరాలు వుంటాయి. నడుస్తున్న ఇంజనుకు ఎక్కించేటప్పుడు డబ్బాను నిటారుగా పట్టాలి, తలకిందులు చేస్తే ద్రవమే దూకి కంప్రెసర్‌ను విరగ్గొడుతుంది. గ్యాసు తొందరగా దిగాలని డబ్బా కింద బ్లో ల్యాంపు చూపించడం, సలసల కాగే నీళ్ళలో ముంచడం మహా ప్రమాదం. 50 డిగ్రీలు మించి వేడి తగలకూడదని డబ్బా మీదనే రాసి వుంటుంది. ఎండలో నిలిపిన కారు డిక్కీలో డబ్బా వదిలెయ్యడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

లీకు చూడటానికి వెల్డింగు షెడ్డు నుంచి ఆక్సిజన్ సిలిండరు తెచ్చి పట్టించే అలవాటు ఎక్కడ వున్నా ఈ రోజే మానుకోవాలి. ఒత్తిడిలో వున్న ఆక్సిజన్‌కు నూనె తగిలితే నిప్పురవ్వ అక్కరలేకుండానే పేలుతుంది. పంక్చరు షాపు కంప్రెసర్ గాలి కూడా పనికిరాదు. ఆర్-134ఎ తనంతట తాను మామూలుగా మండదు గాని ఎక్కువ ఒత్తిడిలో గాలితో కలిస్తే మండగలదు, పైగా గాలితో పాటు తేమ లోపలికి పోతుంది.

బీడీ సంగతి కూడా చెప్పాలి. గ్యాసు మంటకు తగిలితే విడిపోయి ఊపిరితిత్తులను కాల్చే విషవాయువులు పుడతాయి. వెలుగుతున్న బీడీ గుండా ఆ గాలి పీల్చడమంటే విషాన్ని నోట్లోనే తయారు చేసుకోవడం. ఇది గాలి కంటే బరువైన వాయువు. సర్వీసు గుంటలో, తలుపులు మూసిన షెడ్డులో కిందికి దిగి నిలుస్తుంది. రంగు కనపడదు, వాసన పెద్దగా తెలియదు. గుంటలో వున్నవాడికి ఊపిరాడక కళ్ళు తిరిగాకే తెలుస్తుంది.

వంట గ్యాసు పోయించుకోవద్దు

చవక మాటకు లొంగి వంట గ్యాసునో, ఆ జాతి మిశ్రమాన్నో ఏసీలో నింపుకోవడం వీటన్నిటికంటే పెద్ద తప్పు. చల్లబరుస్తుంది, నిజమే. బాగానే చల్లబరుస్తుంది, అందుకే నమ్ముతారు. కొత్త ఇంటి ఫ్రిజ్‌లలో మండే గ్యాసు లేదా అని వాదించేవారున్నారు. వున్నది కొద్ది గ్రాములే, ఆ ఫ్రిజ్‌ను దానికోసమే తయారు చేశారు. కారు ఏసీని అలా తయారు చేయలేదు. కూలింగ్ కాయిల్ వుండేది డాష్‌బోర్డు లోపల, మనుషుల మోకాళ్ళకు ఎదురుగా. అక్కడ లీకైతే మూసిన అద్దాల మధ్య మండే గ్యాసు నిండుతుంది. తర్వాత ఒక స్విచ్చి నిప్పురవ్వ చాలు. ఇంటి సిలిండరును ఇలాంటి పనికి వాడటం 2000 సంవత్సరపు ఎల్పీజీ ఉత్తర్వు ప్రకారం నేరం కూడా.

కల్తీ గ్యాసు ఏం చేయగలదో 2011లో ప్రపంచం చూసింది. ఓడల్లో చేపలు, పళ్ళు మోసే శీతల కంటైనర్లకు ఆర్-134ఎ పేరుతో మిథైల్ క్లోరైడ్ కలిసిన నకిలీ గ్యాసు నింపారు. అది కంప్రెసర్ లోపలి అల్యూమినియంతో కలిసి, గాలి సోకితే భగ్గుమనే పదార్థంగా మారింది. వియత్నాంలో, బ్రెజిల్‌లో ఆ కంటైనర్లకు మరమ్మతు చేస్తున్న కార్మికులు పేలుళ్ళలో చనిపోయారు. కారు కంప్రెసర్లలోనూ, కండెన్సర్లలోనూ వున్నది అల్యూమినియమే. బిల్లు లేని, లేబులు అతికించి మార్చిన డబ్బా చవకగా దొరికిందంటే ఎందుకు చవకో ఆలోచించాలి.

కొన్ని కొత్త మోడళ్ళలో ఆర్-1234వైఎఫ్ అనే వేరే గ్యాసు వస్తున్నది. దీనికి కొద్దిగా మండే గుణం వుంది, దాని గొట్టాల మూతులు కూడా వేరు. ఒకదానిలో ఒకటి కలపరాదు. బ్యాటరీ కార్ల కంప్రెసర్లు వందల వోల్టుల కరెంటుతో నడుస్తాయి. వాటిలో పోసే నూనె కరెంటు పారనిదై వుండాలి. మామూలు కారుకు వాడిన గొట్టాల నుంచి నాలుగు చుక్కల వేరే నూనె చేరినా ఇబ్బందే. నారింజ రంగు వైర్లు కనపడితే తెలియనివాళ్ళు చేయి పెట్టకపోవడం మంచిది.

గాలిలోకి వదిలితే ఎవరికి నష్టం?

పాత రోజుల్లో కార్లలో ఆర్-12 వుండేది. అది ఆకాశంలోని ఓజోను పొరను తినేస్తున్నదని తేలి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో మన దేశం అందులో చేరింది. 2010 నాటికి ఆ జాతి గ్యాసుల తయారీ మన దేశంలో ముగిసింది. దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ ఓజోనుకు హాని చేయదు గాని భూమిని వేడెక్కిస్తుంది. ఒక కిలో ఆర్-134ఎ 1,300 కిలోలకు పైగా బొగ్గుపులుసు వాయువుతో సమానం. లీకు చూడకుండా ఏటా అరకిలో పోయించుకునే కారు ఏటా 650 కిలోల బొగ్గుపులుసు వాయువు వదిలినట్టే. చల్లదనం కోసం పోసిన గ్యాసు పోయి పోయి ఎండనే పెంచుతున్నది. రెంటచింతలవాసులకు ఇంతకంటే ఎగతాళి ఏముంటుంది?

ఈ జాతి గ్యాసులను కూడా తగ్గించాలని 2016లో కిగాలీలో నిర్ణయమైంది. మన దేశం 2021లో ఆమోదించింది. 2028లో వాడకం పెరగకుండా ఆపి, 2032 నుంచి మెట్లుమెట్లుగా తగ్గించుకు రావాలి. అంటే ముందు ముందు ఈ గ్యాసు దొరకడం తగ్గుతుంది, ధర పెరుగుతుంది, కల్తీ కూడా పెరుగుతుంది. ఇప్పటి లీకు అప్పుడు మరింత బరువవుతుంది.

కేంద్ర ప్రభుత్వం 2019లో ప్రకటించిన శీతలీకరణ కార్యాచరణ ప్రణాళికలో లక్షమంది మెకానిక్కులకు శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్లు ఇవ్వాలని రాసుకున్నారు. కాగితం మీద మంచి మాటే. అయితే రోడ్డు పక్క రేకుల షెడ్డులో పనిచేసేవాడు రోజు కూలి వదులుకుని పట్నంలో వారం రోజులు తరగతులకు కూర్చోలేడు. తరగతులే మాచర్లకు, పిడుగురాళ్ళకు, వినుకొండకు రావాలి. ఐటిఐలలో రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ కోర్సు నేర్పే బోధకులున్నారు. వారి చేత సాయంత్రం పూట నాలుగు రోజులు చేతిపని నేర్పిస్తే చాలు. రికవరీ యంత్రం ఒక్కొక్కరు కొనలేకపోతే ఊరి షెడ్లవాళ్ళంతా కలిసి ఒకటి కొనుక్కోవచ్చు. వరి కోత యంత్రాలకు రుణాలిచ్చే బ్యాంకులు దీనికి ఇవ్వకపోవడానికి కారణం కనపడదు. రవాణా శాఖవారు కూడా ఫిట్‌నెస్‌కు వచ్చే అద్దె కార్ల డ్రైవర్లకు ఈ విషయాలు తెలుగులో అచ్చువేసిన ఒక కాగితం చేతిలో పెట్టవచ్చు.

బండి యజమానులు చేయగలిగింది కూడా వుంది. గ్యాసు ఎన్ని గ్రాములు తీశారు, ఎన్ని పోశారు, లీకు ఎక్కడ దొరికింది అని బిల్లు మీద రాయించుకోవడం. రాయమని అడిగేవారు నలుగురైతే కాటా దానంతటదే షెడ్డులోకి వస్తుంది.

ఎండలు ఇక్కడ మార్చిలోనే మొదలవుతాయి. అప్పుడిక షెడ్డులో ఎవరికీ తల ఎత్తే తీరిక వుండదు. సంక్రాంతి వెళ్ళాక శివరాత్రి వరకు ఏసీ పని పలచగా వుండే కాలం. శిక్షణ పెట్టదలిస్తే ఆ వారాల్లోనే పెట్టాలని, తేదీలు ముందుగానే షెడ్లకు తెలపాలని మెకానిక్కులు, డ్రైవర్లు అడగవలసి వుంది.